చిన్న రైలు కలిపిన పెద్ద స్నేహం

"నాన్నగారూ, భోంచేశారా? మందులేసుకున్నారా?"

అమ్మ పోయాక నాన్నగారిని మా దగ్గరికి తెచ్చుకున్న మొదటి రెండు నెలల్లో నేను ఆయనతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఈ రెండే. ఆయన జవాబులూ రెండే. "తిన్నానమ్మా." "వేసుకున్నా."

మేం ఉండేది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్ళో. పొద్దున్నే మావారూ నేనూ ఆఫీసులకి, పిల్లవాడు స్కూలుకి. సాయంత్రం దాకా నాన్నగారు కిటికీ దగ్గర కుర్చీలో. గిద్దలూరులో అయితే అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళు పదిమంది పలకరిస్తారు. ఇక్కడ వీధిలో మనిషన్నవాడు కనిపించడు. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో పనిచేసి స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి అలా గడియారం చూసుకుంటూ కూర్చుంటే నా కడుపు తరుక్కుపోయేది. అలాగని ఏం మాట్లాడాలో నాకూ తోచేది కాదు. అమ్మ ఊసెత్తితే లేచి గదిలోకి వెళ్ళిపోయేవారు.

చర్చి కింది హాల్లో రైళ్ళు

నవంబర్‌లో ఓ శనివారం మావాడు గొడవ చేస్తే ఊళ్ళో చర్చి కింద ఉన్న హాలుకి వెళ్ళాం. అక్కడ బొమ్మ రైళ్ళ క్లబ్బు ఉంది. నవంబర్ నెలలో అమెరికా అంతటా ఇలాంటి క్లబ్బులు జనాన్ని పిలిచి తమ రైళ్ళు చూపిస్తాయి.

బొమ్మ రైళ్ళంటే పిల్లల వ్యవహారం అనుకున్నాను. తీరా చూస్తే అందరూ అరవై దాటినవాళ్ళే! ఒకాయన ప్లంబరు, ఒకాయన కాలేజీ లెక్చరర్, ఒకాయన స్కూలు బస్సు డ్రైవరు, ఒకావిడ రిటైరైన నర్సు. నడుమెత్తు బల్లల మీద కొండలు, ఊళ్ళు, వంతెనలు. అన్నీ అసలు కొలతలో 87వ వంతు. 1,435 మిల్లీమీటర్ల పట్టాల వెడల్పు అక్కడ పదహారున్నర మిల్లీమీటర్లు.

నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని ఓ సిగ్నల్ దగ్గర అరగంట నిలబడ్డారు. చివరికి ఇంగ్లీషులో మెల్లిగా అన్నారు: "ఈ బండి ఎర్ర సిగ్నల్ ఉండగా దాటింది."

బండి నడుపుతున్న ప్లంబరుగారు గిరుక్కున తిరిగి చూశారు. "మా నాన్నగారు ఇండియాలో స్టేషన్ మాస్టరండీ" అన్నాను. అంతే, హాల్లో బండ్లన్నీ ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపారు, ఇంకెవరో కాఫీ తెచ్చారు. ఆ రాత్రి మేం ఇంటికొచ్చేసరికి పది దాటింది.

లైన్ క్లియర్ ఎలా ఇచ్చేవారు?

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం నాన్నగారు బూట్లు వేసుకుని రెండింటికే తయారు. ఆయన్ని దింపి వచ్చేద్దామని వెళ్ళి, నేనూ ఉండిపోయేదాన్ని. రైళ్ళకన్నా నాకు వాళ్ళ మాటలే ఇష్టంగా ఉండేవి.

ఓ రోజు లెక్చరరుగారు అడిగారు, ఒకే లైను ఉన్నచోట ఎదురెదురుగా బండ్లు రాకుండా ఎలా చూసేవారని. నాన్నగారు వివరించారు. రెండు స్టేషన్లలోనూ మిషన్లుంటాయి. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి మిషన్‌లోంచి ఇనప గుండు బయటికొస్తుంది. అదే టోకెన్. ఒకటి బయట ఉండగా రెండోది రాదు. ఆ గుండు చేతికందకుండా డ్రైవరు స్టేషన్ దాటి ముందుకు పోడు. ఆగని బండికి ఆ గుండుని తోలు సంచిలో పెట్టి, బెత్తం రింగుకి తగిలించి, పరుగులోనే అందించాలి.

"పరుగులోనా!" అన్నారు అందరూ.

మరుసటి వారం నా ఎంబ్రాయిడరీ రింగూ పాత చిల్లర పర్సూ మాయం. హాల్లో బస్సు డ్రైవరుగారు ఇంజన్ డ్రైవరై, చెయ్యి బారజాపి పరుగెత్తుకొస్తున్నారు. నాన్నగారు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడి రింగు ఎత్తి పట్టుకున్నారు. మొదటిసారి పర్సు ఎగిరి కాఫీ కెటిల్‌కి తగిలింది. రెండోసారి అందింది. ఒకటే చప్పట్లు! అమ్మ పోయాక నాన్నగారు నవ్వడం అదే మొదటిసారి చూశాను.

టీ పొడి, గులాబీ ఇంజను

వాళ్ళ పనితనమంతా వంటింటి సరుకుతోనే సుమండీ! వాడేసిన టీ పొడి ఎండబెడితే మట్టి నేల. కాఫీ కలుపుకునే పుల్లలు ప్లాట్‌ఫారం చెక్కలు. కంకర అంటుకోవడానికి జిగురులో నీళ్ళు కలిపి, ఓ చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తారు. సబ్బు లేకపోతే జిగురునీళ్ళు గింజల మధ్యకి దిగకుండా పైనే బొట్లుగా నిలిచిపోతాయట. మా ఇంట్లో టీ పొడి పారబోయడం మానేశాను.

నర్సుగారు ఓసారి గులాబీరంగు ఇంజను సంగతి చెప్పారు. 1957లో లయొనెల్ కంపెనీ ఆడపిల్లల కోసమని గులాబీ ఇంజను, లేత రంగుల పెట్టెలతో ఓ రైలు తెచ్చింది. అది దుకాణాల్లోంచి కదల్లేదు. "మేం గులాబీ ఇంజను అడగలేదమ్మా. మా అన్నయ్యలకి కొనిచ్చిన నల్ల ఇంజనే మాకూ కావాలన్నాం" అన్నారావిడ. అప్పుడు అమ్ముడుపోని ఆ రైలుకే ఇప్పుడు పాత బొమ్మలు సేకరించేవాళ్ళు పెద్ద వెల పెడుతున్నారు. ఆవిడ తన మొదటి ఇంజన్ని యాభై దాటాక, సొంత జీతంతో కొనుక్కున్నారట. నల్లదే!

లెక్చరరుగారి బాధ ఇంకొకటి. "నేను పోయాక మా ఆవిడ ఈ ఇంజన్లని, నేను ఆవిడతో చెప్పిన ధరకే అమ్మేస్తుందేమోనని నా భయం" అనేవారు. చీర వెల సగం తగ్గించి చెప్పే మనకి ఆ భయం తెలియనిదా? అందరం పడీపడీ నవ్వాం.

ఆ మాట నిజమైంది

ఫిబ్రవరిలో ఆయనే పోయారు. నిద్రలోనే గుండె ఆగింది.

ఇంటి కింద గదినిండా ఆయన రైళ్ళు. వాటిని ఏం చేయాలో ఆవిడకి దిక్కుతోచలేదు. ఎవరో వచ్చి మొత్తం గుత్తంగా కొద్ది డబ్బుకి అడిగారట. క్లబ్బువాళ్ళు ఆపారు. వరసగా మూడు శనివారాలు అందరూ వెళ్ళి, ఒక్కొక్క ఇంజన్నీ తుడిచి, నడిపి చూసి, పుస్తకంలో రాసి, అసలు వెల కట్టి అమ్మిపెట్టారు. పద్దు రాసింది నాన్నగారు. స్టేషన్ రిజిస్టరు రాసిన చెయ్యి కదా, ఒక్క కొట్టివేత లేదు. మనవడి కోసం ఒక్క ఇంజను మాత్రం ఆవిడ దగ్గరే ఉంచారు.

చివరి రోజు నాన్నగారిని తీసుకురావడానికి వెళ్ళాను. ఆవిడ అంటున్నారు, "కింద రైలు చప్పుడు ఆగిందంటే భోజనానికి వస్తున్నాడని తెలిసేది. ఇప్పుడు ఇల్లంతా ఆగిపోయినట్టుంది."

నాన్నగారు కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. "నల్లమల అడవిలో దిగువమెట్ట అని స్టేషన్. నేనక్కడ పనిచేసేప్పుడు అవతలి స్టేషన్‌లో బండి బయల్దేరగానే ఇక్కడ గంట కొట్టించేవాణ్ణి. ఆ గంట విని మా ఆవిడ క్వార్టర్స్‌లో ఎసరు పెట్టేది. బండి వచ్చి వెళ్ళేసరికి అన్నం ఉడికేది. ఒక్కరోజు చల్లారిన అన్నం తినలేదు నేను."

ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ నేనూ. కూతుర్ని అయివుండీ నాకు ఈ సంగతి తెలియదు. నేనెప్పుడు అడిగాను గనక?

కారులో వస్తూ అన్నాను, "నాన్నగారూ, ఆ గంట ఎవరు కొట్టేవారు?" అంతే. ఇంటికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.

దిగువమెట్ట స్టేషన్

వెళ్ళేముందు ఆయన క్లబ్బుకి దిగువమెట్ట స్టేషన్‌నీ, మీటర్ గేజి రోజుల్లో బండ్లు దాటిన దొరబావి వంతెననీ అట్టతో కట్టి ఇచ్చారు. బ్రాడ్ గేజి వచ్చాక ఆ పాత వంతెన మీద బండ్లు లేవు. మీటర్ గేజిని 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. ఆ పట్టాలెక్కడ దొరుకుతాయని రెండు వారాలు వాదించుకున్నారు. స్విట్జర్లాండులో మీటర్ గేజి రైళ్ళున్నాయి గనక వాటి బొమ్మల కోసం చేసే 12 మిల్లీమీటర్ల పట్టాలు తెప్పించారు. స్టేషన్ బోర్డు మీద తెలుగులోనే రాసింది. చదవడం ఎవరికీ రాదు, అయినా ఆ స్టేషన్ అందరికీ తెలుసు.

ఇప్పుడు నాన్నగారు గిద్దలూరులో ఉన్నారు. శనివారం రాత్రి క్లబ్బు నించి ఫోన్ వస్తే అక్కడ ఆదివారం తెల్లవారుజాము. బూట్లు లేవు గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటారట.

మీ ఇంట్లోనూ ఇలా కిటికీ దగ్గర కూర్చునే పెద్దవాళ్ళుంటే మందుల సంగతి ఎలాగూ అడుగుతారు. దానితోపాటు వాళ్ళు చేసిన పని గురించి ఒక్కటి అడగండి. పోస్టాఫీసులో ఉత్తరాలెలా వేరు చేసేవారనో, మగ్గం మీద అంచు ఎలా తిప్పేవారనో. జవాబు వినడానికి మాత్రం కాస్త తీరిక చేసుకుని కూర్చోండి.

బొమ్మ రైళ్ళ ముచ్చట్లు

* జర్మనీకి చెందిన మార్క్‌లిన్ కంపెనీ 1891లో కీ ఇస్తే నడిచే రైలుతోపాటు, ముక్కలు కలిపి పొడిగించుకునే పట్టాలు తెచ్చింది.

* ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్ళు 1920లో మొదలయ్యాయి.

* మన దేశంలో చూడాలంటే పుణెలో జోషీ గారి చిన్న రైళ్ళ మ్యూజియం ఉంది. 1998లో తెరిచారు. పిల్లల్నే కాదు, తాతగార్లనీ తీసుకెళ్ళండి.