రొట్టె పక్కన పప్పు

ముంబైలో వర్లి బీడీడీ చాళ్లలో, అంటే కార్మికుల ఇరుకు గదుల భవనాల్లో, స్థిరపడిన తెలుగువాళ్లలో తెలంగాణ పద్మశాలీలు చాలామంది. ఊళ్లో మగ్గం కూడు పెట్టక బొంబాయి బట్టల మిల్లులకు వచ్చారు. వాళ్లకంటే ముందే కట్టడాల పనికి వచ్చిన కామాఠీల పేరే అక్కడి కామాఠీపురాకు నిలిచింది. ఊరి నుంచి వెంట వచ్చిన తిండి జొన్నరొట్టె, గట్క, పప్పు, గుడాలు.

షుగరు బయటపడగానే ఇప్పుడు అందరికీ జొన్నరొట్టె గుర్తొస్తోంది. మంచిదే, కానీ రొట్టె ఒక్కటే చాలదు. జొన్నలే ప్రధానంగా తినే దక్కను పేదల్లో పెల్లాగ్రా కనిపిస్తోందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. శరీరంలో నియాసిన్ అనే విటమిన్ తక్కువైతే వస్తుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణమని వాళ్లు అనుమానించారు. ఆ కారణం మీద తర్వాత వాదాలు నడిచాయి గానీ, ఒక్క ధాన్యం మీదే బతకడం ప్రమాదమన్న సంగతి మాత్రం నిలిచింది.

జొన్న ప్రొటీన్‌లో ఉన్న లోటు లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం. పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తగ్గే మెథియోనిన్‌ను ధాన్యం భర్తీ చేస్తుంది. వంద గ్రాముల జొన్నలో ప్రొటీన్ సుమారు 10 గ్రాములు, కందిపప్పులో సుమారు 22.

మేలు ప్రొటీన్‌తోనే ఆగదు. గుడాలుగా ఉడికించిన పెసలు, బొబ్బర్లు, అనుముల్లో పిండిపదార్థం కణాల గోడల మధ్య చిక్కుకుని ఉంటుంది. జీర్ణరసాలు దాన్ని మెల్లగా చేరుకుంటాయి కాబట్టి రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. మెత్తగా పిండి పట్టిస్తే ఈ రక్షణ చాలావరకు పోతుంది. కరిగే పీచు పేగుల్లో పైత్యరసపు ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపుతుంది. కాలేయం వాటిని మళ్లీ తయారు చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. గుండెకు మేలు ఈ దారినే వస్తుంది.

మళ్లీ చాళ్లకు వద్దాం. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మెతో ఆ బతుకులు చెదిరాయి. చేతిలో డబ్బు ఆడని ఇంట్లో ముందుగా పలచబడేది పప్పే. రోజుకు 2,000 కేలరీల తిండిలో 85 గ్రాముల పప్పుదినుసులు ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ప్రొటీన్ పొడులు వద్దనీ చెప్పింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పప్పు మోతాదు పెంచుకోవాలి. మిగతావాళ్లకు అడ్డంకి పప్పు ధరే. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలకే హామీ ఇచ్చింది. పప్పునూ అందులో చేర్చాలి.