బల్లపై వెలుగు మీటలు: మన ఇండ్లకు పనికివచ్చునా?

సెల్‌ఫోన్ చిన్నదిగా ఉండుటే దాని సుగుణము, అదే దాని లోపము కూడా. జేబులో వేసుకొని హోసూరు నుండి కృష్ణగిరికి పోవచ్చును గాని, దానిపై రెండు పుటల ఉత్తరం వ్రాయవలెనంటే వ్రేళ్ళకు చోటు చాలదు. ఈ ఇబ్బందిని తీర్చుటకై వచ్చినదే వెలుగు కీబోర్డు. చిన్న పెట్టె వంటి పరికరాన్ని బల్లపై నిలిపితే, అది ఎర్రని కాంతితో కీబోర్డు బొమ్మను బల్లమీద గీస్తుంది. ఆ బొమ్మలోని మీటను తాకితే అక్షరం ఫోనులో పడుతుంది.

2002లో జర్మనీలోని హనోవర్ నగరపు సీబిట్ ప్రదర్శనలో ఇటువంటి నమూనాను చూపారు. దానిని రూపొందించినది ఇజ్రాయెల్‌కు చెందిన వీకేబీ సంస్థ. అదే కాలంలో అమెరికాలోని కెనెస్టా సంస్థ కూడా ఇట్టి సాధనాన్ని తయారుచేసినది. ఆ సంస్థను 2010లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసినది.

పనిచేయు విధము

ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది లేజర్ దీపం. దాని కాంతి, సూక్ష్మమైన గీతలు చెక్కిన చిన్న బిళ్ళ గుండా పోయి, మీటల బొమ్మగా పరచుకుంటుంది. రెండవది కంటికి కనబడని పరారుణ కాంతి. ఇది బల్లకు కొంచెం పైన పలుచని పొరవలె వ్యాపిస్తుంది. వ్రేలు దిగి ఆ పొరను తాకగానే కాంతి వెనుకకు మళ్ళుతుంది. మూడవదైన కెమెరా ఆ మెరుపు ఎక్కడ కనబడినదో గుర్తిస్తుంది. దానినిబట్టి ఏ మీటను తాకినారో లోపలి చిప్ లెక్కగడుతుంది.

చిక్కులు

ఎండలో ఎర్రని బొమ్మ వెలవెలబోతుంది. పొలం గట్టుపైన, బస్సులో, ఒడిలో ఇది పనిచేయదు. చదునైన బల్ల ఉండవలెను. మరొక చిక్కు టైపు నేర్చినవారికి సులభంగా తెలుస్తుంది. టైపు నేర్పువారు వ్రేళ్ళను నడిమి వరుసపై ఆనించి ఉంచుమని, కన్నులను కాగితంపై నిలుపుమని చెబుతారు. ఇక్కడ వ్రేళ్ళు ఆనించితే అన్నీ అక్షరాలై పడతాయి. మీట లోనికి పోయిన స్పర్శ కూడా ఉండదు. కనుక చూపును బల్లపైనుండి తీయుటకు వీలుకాదు.

మనకు ముఖ్యమైన చిక్కు వేరొకటి. బొమ్మ ఆ బిళ్ళపైనే చెక్కబడినందున దానిని మార్చలేము. ఆంగ్ల అక్షరాలు చెక్కితే ఆంగ్లమే కనబడుతుంది. ఇంట తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం వాడుకొను మన కుటుంబాలకు ఒకే బొమ్మ చాలదు. ఫోను తెరపై మీటలైతే ఏ భాషకు కావలెనంటే ఆ భాషకు మారతాయి.

ఏది మేలు?

తమిళనాడు ప్రభుత్వపు 2006 చట్టం ప్రకారం 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసినారు. తమిళం నేర్చుట అవసరమే. అయితే బడిలో తెలుగు వ్రాత తగ్గినచోట, తెలుగు అక్షరాన్ని నిలుపు బాధ్యత ఇంటిపై పడుతున్నది. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలతో ఫోనులో కొట్టుట అలవాటైన పిల్లవానికి ఒత్తులు, గుణింతాలు మరపున పడతాయి.

అందుచేత తల్లిదండ్రులు మొదట ఫోనులో తెలుగు కీబోర్డును చేర్చవలెను. ఇందుకు ఖర్చు లేదు. గూగుల్ సంస్థ 2017 ఆగస్టులో తెలుగు, తమిళం, కన్నడాలకు మాట చెబితే అక్షరమగు సౌకర్యం కూడా ఇచ్చినది. అయితే అది పొరపాటుగా వ్రాసినప్పుడు దిద్దుటకు చదువను రావలెను గదా!

ఎక్కువ వ్రాయువారికి ఫోనుకు తగిలించుకొను మామూలు కీబోర్డు మేలు. ప్రభుత్వం 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు 'క', కన్నడ 'క', తమిళ 'క' మూడూ ఒకే మీటపై ఉంటాయి. ఒక భాషకు వ్రేళ్ళు అలవాటుపడితే మిగిలిన రెండింటికీ చాలవరకు అదే అలవాటు పనికివస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆమోదించిన తమిళ్99 అమరిక మాత్రం వేరు. తమిళానికి దానిని నేర్చిన పిల్లలు ఈ భేదాన్ని గమనించవలెను.

వెలుగు కీబోర్డు చూచుటకు ముచ్చటైన వస్తువే. మన అవసరానికి మాత్రం చేతిలోని ఫోనే చాలును. ఊరిలోని అవ్వకు వారానికొక తెలుగు ఉత్తరం, తెలుగు అక్షరాలతోనే, పిల్లలచేత వ్రాయించండి.