పురిటి సంచిలో పాలడబ్బా

మార్టూరు చుట్టుపట్ల గ్రామములలో గర్భిణికి తొమ్మిదవ నెల ప్రవేశించినంతనే పుట్టింటివారు కట్టెడు ఆసుపత్రి సంచిలో ఇటీవల ఒక వస్తువు పెత్తనము సంపాదించుకొన్నది. మెత్తని పాత చీరలు మరచిపోయినను, దోమతెర మరచిపోయినను, అది మాత్రము మరచిపోరు. అది పాలపొడి డబ్బా. దాని సరసన రబ్బరు పీక తొడిగిన సీసా. ఎందులకని యడిగినచో చిలకలూరిపేట మొదలు ఒంగోలు వరకు వచ్చు సమాధాన మొక్కటియే: "పెద్దాపరేషన్ చేస్తే మూడు రోజులు పాలు పడవంట గదా, అందాకా బిడ్డేం తాగుద్ది?"

మార్టూరు 1970కి పూర్వము గుంటూరు జిల్లాలో నుండి, పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరి, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లా రెండుమార్లు మారినది గాని ఈ మాట చెక్కుచెదరలేదు. సరికదా, చేతిఫోనులలో తిరుగు "పుట్టబోయే పాపకు కావలసిన సామాను" పట్టికలలో మొదటి వరుస నాక్రమించి, శాస్త్రవాక్యము వలె చెలామణి యగుచున్నది. నవ్వి ఊరకొనదగిన పుకారైనచో ఇంత వ్రాయవలసిన పని లేకుండెడిది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42 కానుపులు శస్త్రచికిత్సతోడనే జరుగుచున్నవి. అనగా అమ్మలక్కల నోట పుట్టిన ఈ యొక్క వాక్యమునకు, నూటికి 42 మంది శిశువుల పెదవులకు తల్లి రొమ్ముకంటె ముందుగా సీసాను అందింపగల శక్తి యున్నదన్నమాట.

అసలు సంగతి యేమనగా, ముర్రుపాలు కానుపునాడు తయారగునవి కావు. గర్భము సగము నెలలు నిండినది మొదలు తల్లి శరీరము వానిని సిద్ధపరచుచునే యుండును. బిడ్డ పుట్టి మావి వెలువడినంతనే తల్లి రక్తమున ప్రొజెస్టెరాన్ అను హార్మోను ఒక్కసారిగా పడిపోవును. ఆ యడ్డు తొలగుటచే ప్రొలాక్టిన్ అను మరియొక హార్మోను తన పనికి పూనుకొనును. రెండు మొదలు నాలుగు దినములలో పాలు నిండుగా దిగును. మావి సహజమార్గమున వచ్చినదా, వైద్యుడు కోసిన కోతగుండ వచ్చినదా యని హార్మోను విచారణ సేయదు. శస్త్రచికిత్స వలని నొప్పి, అలసట, తల్లిని ఒక గదిలోను బిడ్డను వేరొక గదిలోను ఉంచుట మున్నగు కారణములచే కొందరిలో పాలు నిండుట ఒక దినము వెనుకబడుట వాస్తవమే. వెనుకబడినను, ముర్రుపాలు అప్పటికే రొమ్ములో నున్నవి. వెన్నుకు మత్తిచ్చి చేయు ఆపరేషనులో తల్లి మెలకువతోనే యుండును గనుక, పక్కకు ఒత్తిగిల్లి పరుండియో, బిడ్డను కుట్లకు తగులకుండ చంకక్రింద పట్టుకొనియో పాలిచ్చుటకు సాధారణముగా ఆటంకము లేదు. పుట్టిన గంటలోపల బిడ్డను రొమ్మునకు చేర్చుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎలుగెత్తి చెప్పుచున్నది.

"అయినా అవి చెంచాడేగా" అను ఆక్షేపణ వెంటనే వచ్చును. చెంచాడే కావలెను. తొలినాటి శిశువు కడుపు ఆ చెంచాలకే తగినది. చిక్కగా, పసుపుపచ్చగా నుండు ఆ కొద్దిపాటి ద్రవమున రోగములను అడ్డగించు ఇమ్యునోగ్లోబులినులు, తెల్లకణములు కిక్కిరిసి యుండును. వానిని పొడిగా చేసి డబ్బాలో పోయు విద్య ఇంకను ఎవరికిని పట్టుబడలేదు. ఒంగోలు జాతి పశువులతో పేరుగన్న ఈ సీమలో, ఆవు ఈనిన వెంటనే దూడను పొదుగునకు విడువనిచో అది దక్కదని పశువుల కొట్టము ఊడ్చు పిల్లవానికి సైతము తెలియును. దూడ త్రాగగా మిగిలిన పాలతో జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచిపెట్టి మెప్పు పొందుదురు. పశువు తొలిపాలు పంచభక్ష్యములలో చేరును, కన్నతల్లి తొలిపాలు "చీము పాలు, పిండి పారబొయ్యండి" అనిపించుకొనును! ఇట్టి తర్కమును ఆ దూడ ఆలకింపగలిగినచో ఏమనుకొనునో గదా.

ఇక డబ్బా చేయు పనిని చూతము. సంచిలో నున్న డబ్బా సంచిలోనే యుండదు. రెండవ రాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడ్చును, ఏడ్చుట శిశుధర్మము. తోడుగా వచ్చిన పెద్దమ్మ లేచి, "పాలు చాలక ఏడుస్తంది" అని తీర్పు చెప్పి సీసా కలుపును. బిడ్డ త్రాగి నిదురించును. గదిలోని వారందరు నిట్టూర్చి నడుము వాల్చుదురు. బిడ్డ నిదురించిన ఆ మూడు నాలుగు గంటలు రొమ్ము చీకు దిక్కు లేదు. చీకనిచో ప్రొలాక్టిన్ పెరుగదు, అందులోను అది మిక్కిలి పెరుగవలసిన వేళ రాత్రియే. నిలిచిన పాలు "ఇక చాలు" నను సందేశమును శరీరమునకు పంపును. మరునాడు పాలు మరికొంత తగ్గును, ఏడుపు మరికొంత హెచ్చును, సీసా మరియొకటి కలియును. పీకకు అలవాటుపడిన నోరు రొమ్మును సరిగా పట్టక, తల్లికి నొప్పియు పుండ్లును మిగులును. పదినాళ్లు గడచునప్పటికి పాలు నిజముగనే ఎండిపోవును, అప్పుడు పెద్దమ్మ విజయగర్వముతో "నే చెప్పలా, పెద్దాపరేషనైతే పాలు పడవని!" అనును. తన సాక్ష్యమును తానే తయారుచేసికొను అబద్ధము ఇది. ఆపరేషనుకు పట్టిన దోషము నిజమునకు డబ్బాది.

పాలు చాలుచున్నవో లేవో తెలిసికొనుటకు ఏడుపు కొలబద్ద కాదు, తడిగుడ్డ కొలబద్ద. అయిదవ దినము దాటిన పిమ్మట రోజుకు ఆరుసార్లకు తగ్గకుండ గుడ్డలు తడిసినచో పాలు చాలినట్లే. మొదటి దినములలో బరువు కొంత తగ్గుట సహజము. సాధారణముగా రెండు వారములలోపల జన్మనాటి తూకము తిరిగి వచ్చును. బరువు పదింట ఒక వంతుకు మించి తగ్గినను, గుడ్డలు పొడిగా నున్నను, బిడ్డ మందముగా పడియున్నను చూడవలసినది వైద్యుని, మందుల దుకాణమున పాలడబ్బాల అరను కాదు.

డబ్బా లోపలి సరుకు సంగతియు కొంత చెప్పవలసి యున్నది. మూత బిగించి యున్నది గనుక పాలపొడి సూక్ష్మజీవులు లేని పదార్థమని భ్రమపడుదురు. కాదు. అందు క్రోనోబాక్టర్ వంటి ప్రమాదకర క్రిములు ఉండుట కద్దు. కనుకనే 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో కలిపి, చల్లార్చి, వెంటనే పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో నియమములు వెలువరించినది. తెల్లవారుజామున పత్తి తీతకు పోవలసిన ఇంట, ప్రతి మూడు గంటలకు సీసాను మరిగించి, నీటిని కాచి, కొలిచి కలుపువారెవ్వరు? అదియునుగాక నెల దాటిన బిడ్డకు 400 గ్రాముల డబ్బా వారమైనను రాదు. వారము రానిదానిని పదిరోజులు రప్పించుటకు ఇల్లాలి కడ నున్న ఉపాయ మొక్కటియే, నీళ్లు హెచ్చించుట; బిడ్డ చూచుటకు త్రాగుచునే యుండును, లోలోపల చిక్కుచునే యుండును. ఈ కథ మనతో మొదలైనది కాదు. 1939లో సింగపూరులో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, నర్సు దుస్తులు తొడిగించిన స్త్రీలచేత డబ్బాపాలు అమ్మించు వ్యాపారపద్ధతిని ఎండగట్టుచు, తన ఉపన్యాసమునకు "పాలు, హత్య" అని పేరు పెట్టెను. 1981లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ వ్యాపారమునకు నియమావళి నేర్పరచెను. 1992లో మన పార్లమెంటు చట్టము చేసెను. పాలడబ్బాకు, పాలసీసాకు ప్రకటనలు కూడవు; ఉచిత నమూనాలు పంచరాదు; డబ్బాపై శిశువు బొమ్మయు వేయరాదు. కాని పెద్దమ్మ నోటిని కట్టు సెక్షను ఆ చట్టమున లేదు. వ్యాపారి చేయ వీలులేని ప్రకటనను బంధువర్గము జీతము బత్తెము లేకుండ చేసిపెట్టుచున్నది.

తల్లి లేని బిడ్డకు, కొన్ని తీవ్రమైన మందులు వాడు తల్లి బిడ్డకు, మరికొన్ని అరుదైన స్థితులలోను డబ్బాపాలు అవసరమే. అప్పుడు వైద్యుడు వ్రాసి యిచ్చును, ఆనాడే కొనవచ్చును; ఊరి దుకాణములలో డబ్బాలకు కరవు వచ్చినట్లు ఎన్నడును వినలేదు.

తక్కిన నమ్మకములకు ఇంత స్థలము అనవసరము. తేనె నాకించుట: ఏడాది నిండు వరకు కూడదు, బొట్యులిజమ్ అను విషవ్యాధి భయము కలదు. వస: మాటలు వస పోసినందున రావు, మాటలాడువారి నడుమ పెరిగినందున వచ్చును. గ్రైప్ వాటర్: 1851లో నాటింగ్‌హామ్ నగరమున పుట్టి నేటికిని అమ్ముడుపోవుచున్నది, ఆరు నెలలలోపు బిడ్డకు దానితో పని లేదు. రోళ్లు పగులు రోహిణి కార్తెలోనైనను మంచినీళ్లును అక్కరలేదు, తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. కాటుకలో సీసము కలిసియుండు ప్రమాదము కలదు. దిష్టి భయమున్నచో అరికాలికి చుక్క పెట్టుడు, కంటికి వలదు. బొడ్డుకు పసుపు, బూడిద ఏదియు పూయరాదు. తల గుండ్రమగుటకని ఆవాల దిండు కుట్టింతురు. బిడ్డను దిండు లేకయే వెల్లకిల పరుండబెట్టవలెను. నడకబండిని కెనడా దేశము 2004లోనే నిషేధించినది. మన బజారులలో అది యింకను పుట్టినరోజు కానుక.

ఒక్క నమ్మకము దగ్గర మాత్రము ఇష్టము లేకున్నను తల వంచవలసి వచ్చుచున్నది. పురిటిబిడ్డకు కొత్తబట్ట వేయరాదు, పాతబట్టలోనే చుట్టవలెను అను మాట. కారణమడిగినచో దిష్టియనియు, మరియేమో యనియు చెప్పుదురు. ఆ కారణములు చెల్లవు. ఆచారము మాత్రము చెల్లును. అనేకమార్లు ఉతికి మెత్తబడిన నూలుబట్టలో గంజి యుండదు, అద్దకపు రసాయనములు చాలవరకు పోయియుండును, అంచులు ఒరయవు, చెమటను పీల్చును. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేసినదై యుండవలెననుట తప్ప అమ్మమ్మలకు ఇందు దిద్దుబాటు చెప్ప వీలు లేదు. నల్లరేగడిలో పత్తి పండించి, ఆ పత్తిని మిల్లులకు తోలి, తిరిగి బజారుకు పోయి కుచ్చుల నైలాను గౌను కొని తెచ్చి, మే నెల ఎండలో బిడ్డకు తొడిగి, ఒళ్లంతయు చెమటపొక్కులు లేచెనని వాపోవు మనకు ఏమి చెప్పవలెనో అది వేరొక వ్యాసము.

అటులైనచో సంచిలో నేమి పెట్టవలెను? మెత్తని నూలుగుడ్డలు రెండు డజన్లు, ఏలయన రోజుకు పది పన్నెండు తడియును; ముడులతో కట్టు చొక్కాలు అరడజను; శీతాకాలపు కానుపైనచో టోపీ, మేజోళ్లు; పక్కమీదికి రబ్బరు గుడ్డ; గొడుగువలె విచ్చు దోమతెర; ఉష్ణమాపకము; చేతులు కడుగుకొనుటకు సబ్బు; తల్లీబిడ్డల కార్డు, ఎందుకనగా బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా పుట్టినప్పుడే పడవలెను. డైపర్లు ప్రయాణమునకు కొన్ని చాలును. పౌడరు అవసరము లేదు, బిడ్డ దానిని పీల్చును. ఫిన్లండు ప్రభుత్వము 1938 నుండి తల్లులకు బిడ్డసామాను పెట్టె నిచ్చుచున్నది. తల్లిపాలను ప్రోత్సహించుటకై అందుండిన పాలసీసాను పిదప తీసివేసిరి. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్టులోను దోమతెర, సబ్బు, బట్టలు ఉండెను గాని పాలడబ్బా లేదు.

నెలలు నిండక పుట్టి, చీకుటకు బలము లేని బిడ్డకైనను సీసా వలదు. బారసాలకు మేనమామ తెచ్చు వెండి ఉగ్గుగిన్నె ఎందులకున్నది? దానిని బీరువాలో దాచక, ప్రతిమారు మరిగించి, పిండిన తల్లిపాలను అందు పోసి పట్టవలెను. శిశువుల ప్రత్యేక చికిత్సాకేంద్రములలో నర్సులు పాలు పట్టునది అట్టి ముక్కుగిన్నెతోడనే. సీసా పీకలో వలె మడ్డి నిలుచుటకు అందు సందులు లేవు.

కూలికి పోక తప్పని తల్లికి ఆ గిన్నెయే ఆధారము. పనికి పోవుటకు ముందు శుభ్రమైన మూతగిన్నెలోనికి పాలు పిండి ఉంచినచో నీడపట్టున నాలుగు గంటలు నిలువయుండును. వేసవిలో అంతకు ముందే పట్టివేయుట మేలు. మిరప కోతల దినములలో ఇల్లు చేరిన తల్లి చేతులు మోచేతుల వరకు సబ్బుతో కడిగి, పొలములో కట్టిన చీర రవిక మార్చిన తరువాతనే బిడ్డ నెత్తుకొనవలెను. పురుగుమందు కొట్టివచ్చిన తండ్రి బట్టలను బిడ్డ గుడ్డలతో కలిపి నానవేయరాదు. ఆ గుడ్డలకు ప్రత్యేకముగా ఒక తొట్టియు, కల్లమునకు దూరముగా ఒక దండెమును ఏర్పరచుకొనుడు. రెండు కలిపినను ఒక్క పాలడబ్బా ఖరీదు కాదు.