కోళ్ల ఫారము నిర్వహణము – తలవని తలంపుగా లభించిన వృత్తి

సేద్యపు కుటుంబములలో పుట్టి, చదువు ముగించి, కోరిన ఉద్యోగము దొరకక, కొన్ని నెలలు గడుపుదమని కోళ్ల ఫారములో పనికి కుదిరి, తుదకు ఆ పనినే జీవనోపాధిగా చేసికొన్న యువకులు నేడు మన పల్లెలలో పలువురు గలరు. కోళ్ల పనియనిన చిన్నచూపు చూచు పెద్దలు ఇంకను లేకపోలేదు. మఱియొక వంక, ఈ వృత్తిలో లాభము మెండని విని, పని నేర్వకయే పొలము తనఖా పెట్టి షెడ్డు కట్టువారును గలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని మా యభిప్రాయము. ఫారము నడపుట ఒక విద్య. నేర్చినవానికి అది అన్నము పెట్టును. నేర్వనివానికి అప్పు మిగుల్చును. ఆ విద్య యెట్టిదో మా పాఠకులకు కొంత వివరింపదలచితిమి.

పూర్వము కోళ్ల పెంపకము పెరటి పని. నాలుగు పెట్టలు, ఒక పుంజు, గుప్పెడు నూకలు; అంతటితో సరి. నేటి గ్రుడ్ల జాతి పెట్ట ఏడాదికి 300 గ్రుడ్లకు పైగా పెట్టగలదు గాని, దానికి కాలము తప్పని మేతయు, నీరును, వెలుతురును, టీకాలును కావలెను. తెలుగువారైన బండా వాసుదేవరావుగారు 1971లో వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన పిమ్మట ఈ పరిశ్రమ దేశమున త్వరితముగ పెరిగినది. 1982లో రైతులు తమ గ్రుడ్డుకు తామే ధర ప్రకటించుకొనుటకై జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘముగా నేర్పడిరి. వేలకొలది కోళ్లు ఒక్క కప్పు క్రింద చేరగనే, వాని మంచిచెడ్డలు రేయింబవళ్లు చూచు మేనేజరు అవసరమయ్యెను. ఈ వృత్తి అట్లు పుట్టినది.

పిల్లల సాకుడు:— పొదిగిన 21 దినములకు పిల్ల గ్రుడ్డు వెడలును. మొదటి వారమున దానికి సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి కావలెను; తరువాత వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. వేడి చాలినదో లేదో తెలుపుటకు ఉష్ణమాపకము కంటె పిల్లలే మేలు. దీపము క్రింద గుంపుగూడినచో చలి. దూరముగ తొలగి నోరు తెఱచినచో వేడి యెక్కువ. ఒక ప్రక్కకే ఒదిగినచో మఱియొక ప్రక్కనుండి గాలి కొట్టుచున్నది. అంతటను సమముగ చెదరి మేయుచున్నచో అంతయు సవ్యము. నడిరేయి ఒకసారి లేచి ఈ చిన్న గుఱుతులు చూడగలవాడే ఈ పనికి తగినవాడు.

మేత లెక్క:— గ్రుడ్ల ఫారము వ్యయములో మూడింట రెండు వంతులకు మించి మేతకే పోవును. పెట్టకు దినమునకు 110 గ్రాముల మేత యనుకొందము. వేయి పెట్టలకు 110 కిలోలు. ఆ దినమున 850 గ్రుడ్లు వచ్చిన యెడల గ్రుడ్డుకు 129 గ్రాముల మేత పడినట్లు. 750 మాత్రమే వచ్చిన యెడల 147 గ్రాములు. మేత ధర మాఱకున్నను, గ్రుడ్డు ఖరీదు పెరిగినట్లే. ఇక తొట్టి నిండుగ పోసి, కోళ్లు ముక్కుతో చిమ్మగా కోడికి 5 గ్రాములు నేలపాలైనదనుకొందము. పదివేల కోళ్ల ఫారములో అది దినమునకు 50 కిలోలు, ఏడాదికి 18 టన్నులకు పైమాట. తొట్టిని సగము వఱకే నింపుమని చెప్పు మేనేజరు యజమానికి తన జీతమునకు మించిన లాభము చేకూర్చునని దీనివలన తెలియుచున్నది.

టీకాలును తెగుళ్లును:— మారెక్స్ టీకా హేచరీలోనే మొదటి దినమున వేయుదురు. కొక్కెర తెగులుకు మొదటి వారముననే టీకా మొదలిడి, పిమ్మట గడువు ప్రకారము మరల మరల వేయవలెను. టీకామందును 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో నుంచవలెను. నీటిలో కలిపి యిచ్చు సజీవ టీకా క్లోరిను తగిలిన నశించును. మందు కొన్నాము, ఇచ్చితిమి, అయినను తెగులు వచ్చినదని వాపోవు రైతుల ఫారములలో మంచు పెట్టె లేకుండుటయో, క్లోరిను నీరు వాడుటయో తఱచు కారణమగుచుండును. పరుల రాకపోకలను అరికట్టుట అంతకన్న ముఖ్యము. 2006లో మహారాష్ట్రములోని నవాపురమున పక్షిజ్వరము బయటపడినప్పుడును, 2025 ఆరంభమున మన గోదావరి జిల్లాలలో కనిపించినప్పుడును లక్షలకొలది కోళ్లు పోయినవి. గ్రుడ్ల ట్రేలు, బండ్ల చక్రములు, పనివారి చెప్పులు తెగులును మోయును. గుమ్మమున మందునీటి తొట్టి పెట్టుట వేడుకకు గాదు.

వేసవి:— కోడికి చెమట పట్టదు. రొప్పుటయే దానికి తెలిసిన ముఖ్యమైన ఉపాయము. షెడ్డును తూర్పుపడమరలుగ పొడవు పెట్టి కట్టిన యెడల ఎండ లోపల తక్కువగ పడును. కప్పుపై తెల్లసున్నము, ప్రక్కల తడిసిన గోనెపట్టలు, చల్లని నీరు, ఉదయ సాయంకాలములందు మాత్రమే మేత. ఇవి మే నెలలో మందను కాపాడును.

రిజిష్టరు:— కోళ్ల సంఖ్య, చచ్చినవి, మేత, నీరు, గ్రుడ్లు, పగిలినవి. ఇవన్నియు ఏ దినమున కా దినము వ్రాయవలెను. సాధారణముగ కోడి త్రాగు నీరు మేత తూకమునకు రెండింతలుండును. చావులకు ముందే నీరు త్రాగుట తగ్గుట తఱచు జరుగును. నీటి లెక్క వ్రాయువానికి తెగులు ఒకటి రెండు దినములు ముందుగనే కబురంపునన్నమాట. నష్టమును దాచి వ్రాసిన రిజిష్టరు లేనిదానికన్న చెడ్డది.

ఎట్లు నేర్వవలెను:— పదవ తరగతి ముగించినవారికి పశుసంవర్ధక పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లమా కలదు. హైదరాబాదులోని రాజేంద్రనగరమున కోళ్ల పరిశోధన సంస్థయు నున్నది. పెరటి పెంపకమునకు తగిన వనరాజ, గ్రామప్రియ జాతులు అచటనే రూపొందినవి. అయినను చదువొక్కటే చాలదు. షెడ్డు ఊడ్చినవాడు సూపరువైజరై, సూపరువైజరు మేనేజరై యెదుగుట ఈ వృత్తిలో సహజమైన మార్గము. లెక్కలు వచ్చినవారు ఇందు శీఘ్రముగ రాణింతురు.

కావున మన సభ్యులకు మా మనవి యేమనగా: మీ కుమారుడో కుమార్తెయో ఈ పని చేపట్టిన యెడల నిరుత్సాహపఱచకుడు. స్వంత షెడ్డు కట్టదలచిన యెడల, ముందుగ మఱియొకరి ఫారములో పిల్లల దశనుండి మంద అమ్ముడుపోవువఱకు, నడుమ ఒక వేసవితో సహా, పని చేయించుడు. సంఘములును షెడ్డు కొలతలు మాత్రమే చూచి అప్పు నీయక, దానిని నడపువాడు రిజిష్టరు వ్రాయగలడా యని విచారింపవలెను. కోళ్లు చచ్చినను వాయిదా ఆగదు. తనఖా పెట్టిన పొలము తిరిగి వచ్చుట దుర్లభము.