బ్రిక్స్ మీటర్‌లో కనిపించే కళ్లద్దాల తెర

బోధన్, రుద్రూర్ వైపు చెరుకు పండించినవాళ్లకు బ్రిక్స్ మీటర్ కొత్త వస్తువు కాదు. జానెడు గొట్టం, ఒక కొసన ఏటవాలు ప్రిజం, దాని మీద రేకులాంటి మూత, రెండో కొసన కన్ను పెట్టే చోటు. గడలోంచి రెండు చుక్కల రసం తీసి ప్రిజం మీద వేస్తారు. మూత వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే గుండ్రటి వెలుగులో ఒక స్కేలు కనిపిస్తుంది. పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గర ఆగితే అదే బ్రిక్స్. అంటే నూరు గ్రాముల రసంలో కరిగి ఉన్న పదార్థం ఎన్ని గ్రాములో ఆ లెక్క. అందులో ఎక్కువ పాలు చక్కెరే. సాధారణంగా 18 దాటితే చెరుకు కోతకు వచ్చినట్టు.

ఆ స్కేలు ఎక్కడుందో మాత్రం చూసేవాళ్లు పట్టించుకోరు. అది కంటికి కొద్ది సెంటీమీటర్ల దూరంలో, గొట్టం లోపల చిన్న గాజుబిళ్ల మీద ఉంటుంది. అంత దగ్గరున్న వస్తువు మామూలుగా కంటికి ఆనదు. అయినా అంకెలు ఎదురుగా ఎక్కడో దూరాన ఉన్నట్టు తేటగా కనిపిస్తాయి. పెద్ద కంపెనీలు వేల కోట్లు పోసి చేస్తున్న స్మార్ట్ కళ్లద్దాల్లో, కంటికి ఆనుకుని ఉండే తెరను చూపించేది కూడా ఈ కిటుకే. అందుకే ఆ కళ్లద్దాల లెన్స్ గురించి చెప్పాలంటే చెరుకు తోట నుంచి మొదలుపెట్టడం సులువు.

ఆరోగ్యంగా ఉన్న కన్ను హాయిగా చూడగలిగే అతి దగ్గరి దూరం 25 సెంటీమీటర్లని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. వయసు 45 దాటితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది, పేపరు చేతులు చాచి చదవాల్సి వస్తుంది. కళ్లజోడు అద్దమేమో కంటికి రెండు సెంటీమీటర్ల లోపే కూర్చుంటుంది. అక్కడ తెర పెడితే మసక తప్ప ఏమీ కనిపించదు. కనుక తెరకూ కంటికీ మధ్య ఒక లెన్స్ పెట్టి, తెర మీది ఒక్కో చుక్క నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలను సమాంతరం చేస్తారు. సమాంతరంగా వచ్చే వెలుగు ఎంతో దూరం నుంచి వచ్చిందే అయి ఉంటుందని కన్ను అనుకుంటుంది, చందమామను చూసినట్టే శ్రమ లేకుండా చూస్తుంది. తెర నడిమి చుక్క నుంచి వచ్చిన కిరణాల కట్ట తిన్నగా, అంచు చుక్కది వాలుగా బయటికొస్తాయి. తెర మీది చోటు కంటికి కోణంగా అందుతుంది. ప్రొజెక్షన్ లెన్స్ అనే ఈ లెన్స్ చేయాల్సిన పనంతా ఇదే, చోటును కోణంగా మార్చడం.

బ్రిక్స్ మీటర్‌లో ఈ పని రెండు వైపులా నడుస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.333. 20 బ్రిక్స్ రసానిది 1.364. ఈ చిన్న తేడాకే ప్రిజం లోపల వెలుగు దాటే కోణం మారుతుంది. లోపలి లెన్స్ ఆ కోణాన్ని స్కేలు మీద ఒక చోటుగా మారుస్తుంది. కంటి దగ్గరి లెన్స్ ఆ చోటును మళ్లీ కోణం చేసి కంటికి పంపుతుంది. స్మార్ట్ కళ్లద్దాలకు ఈ రెండో సగం చాలు. కాకపోతే బ్రిక్స్ మీటర్‌ను చేత్తో పట్టుకుంటాం, కళ్లద్దాలను ముక్కు మీద మోయాలి. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

కొంచెం లెక్క వేసి చూద్దాం. మూల నుంచి మూలకు 5 మిల్లీమీటర్లున్న బుల్లి తెర తీసుకుందాం. అది కంటి ముందు 30 డిగ్రీల వెడల్పున పరుచుకోవాలంటే లెన్స్ నాభ్యంతరం 9.3 మిల్లీమీటర్లు ఉండాలి. తెర మీద ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్లయితే డిగ్రీకి 40 పిక్సెళ్లు వస్తాయి. చక్కటి కంటికి 60 దాకా తేడా తెలుస్తుంది కాబట్టి 40 అంటే బాగానే చదవొచ్చు. ఇప్పుడు అదే తెరను 60 డిగ్రీలకు సాగదీయాలనుకుంటే నాభ్యంతరం 4.3కు పడిపోతుంది. పిక్సెళ్లు పలచబడతాయి. కనుపాప అటూ ఇటూ కదిలినా బొమ్మ పోకుండా కిరణాల కట్ట 5 మిల్లీమీటర్లు ఉండాలంటే, లెన్స్ తన నాభ్యంతరం కన్నా లావుగా ఉండాల్సి వస్తుంది. అలాంటి లెన్స్ అంచుల్లో కిరణాలు ఎంత గట్టిగా వంగాలంటే, వాటిని ఒక్క చోటికి చేర్చడానికి నాలుగైదు గాజులు పేర్చినా చాలవు.

మార్కెట్‌లోకి వచ్చినవన్నీ ఈ లెక్కతోనే రాజీపడ్డాయి. 2013లో బయటికొచ్చిన గూగుల్ గ్లాస్ కంటి మూలన చిన్న తెర చూపించి ఊరుకుంది. హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించిన హోలోలెన్స్ చూపు 34 డిగ్రీలు. 2019 నాటి రెండో రకంలో అది 52 అయింది, కానీ అది కళ్లజోడు కాదు, నెత్తికి బిగించుకునే సామాను. 2024లో దాని తయారీ ఆపేశారు. 2025లో మెటా, రేబాన్ కలిసి తెచ్చిన డిస్‌ప్లే కళ్లద్దాలు ఒక్క కంటికే, 20 డిగ్రీలకే, 600కు 600 పిక్సెళ్లతో సరిపెట్టుకున్నాయి. బరువు 69 గ్రాములు. వెడల్పు తగ్గించుకున్నవాళ్లే కళ్లజోడులా కనిపించే వస్తువు చేయగలిగారు. వాళ్లదే తెలివైన దారి అని నా అభిప్రాయం.

ఇక గాజా, ప్లాస్టికా అన్న ప్రశ్న. ఫోన్ కెమెరాల్లో ఎక్కువగా ప్లాస్టిక్ లెన్సులే. అచ్చు పోస్తే చాలు, అగ్గువకు లక్షల్లో వస్తాయి, వంకర ఆకారాలూ సులువు. మరి ఇక్కడ గాజు ఎందుకు? నిజామాబాద్ మే నెల ఎండే దీనికి జవాబు. నీడలోనే 44, 45 డిగ్రీలుంటే, బ్యాటరీ, చిప్పు, బల్బు అన్నీ ఇరికిన కళ్లజోడు కాడలో 50 దాటడం పెద్ద విషయం కాదు. 25 డిగ్రీల గదిలో బిగించిన లెన్స్ 50కి చేరిందనుకుందాం. ఆక్రిలిక్ ప్లాస్టిక్ వేడికి ఉబ్బుతుంది, దాని వక్రీభవన గుణకం డిగ్రీకి దాదాపు పదివేలలో ఒక వంతు చొప్పున తగ్గుతుంది. రెండూ ఒకే వైపు లాగుతాయి. 9.3 మిల్లీమీటర్ల నాభ్యంతరం 65 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. ఇంత వెడల్పాటి లెన్స్ ఓర్చుకోగల తేడా అటూ ఇటూ 4 మైక్రాన్లే. కళ్లద్దాల దుకాణం భాషలో చెప్పాలంటే సైటు 0.75 మారిపోయినట్టు. గొట్టం కూడా ప్లాస్టిక్‌దే అయితే అదీ సాగి కొంత సరిచేస్తుంది, పూర్తిగా చేయలేదు.

అదే మామూలు బోరోసిలికేట్ ఆప్టికల్ గాజులో వేడికి ఉబ్బడం పదో వంతు. పైగా దాని గుణకం వేడికి కాస్త పెరుగుతుంది, ఉబ్బడమూ గుణకం పెరగడమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలే తేడా ఒక మైక్రాన్ లోపు. లెన్స్‌ను పట్టుకున్న లోహపు గొట్టం సాగడమే అప్పుడు పెద్ద బాధవుతుంది.

గాజు బరువు కదా అంటారు. ప్లాస్టిక్‌కు రెండింతల పైనే, నిజమే. కానీ 5 మిల్లీమీటర్ల బిళ్లలు నాలుగు కలిపినా బరువు అర గ్రాము చుట్టుపక్కలే ఉంటుంది. ఆ మాటకొస్తే అసలు బరువు, లెన్స్ నుంచి వచ్చిన వెలుగును కంటి ముందుకు చేర్చే గాజు పలకది. 5 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉంటే ఏడు గ్రాములు తూగొచ్చు. గాజుకు అడ్డొచ్చేది ధర. ఒక్కో బిళ్లను సాన పట్టాలి, లేదా కొన్ని వందల డిగ్రీల వేడిలో అచ్చు వేసి నెమ్మదిగా చల్లార్చాలి. అందుకే చాలామంది బలమైన లెన్స్‌ను గాజుతో చేసి, అంచు మసకను సవరించే బలహీనమైన లెన్స్‌ను ప్లాస్టిక్‌తో చేస్తారు. ప్లాస్టిక్ ఎంత జరిగినా దాని మాట బొమ్మ మీద పెద్దగా చెల్లదు కాబట్టి.

ఎండ గురించే ఇంకో మాట. వీఆర్ హెడ్‌సెట్ల లెన్సులను ఎండకు తిప్పి పెట్టొద్దని తయారీదారులు హెచ్చరిస్తారు. చోటును కోణం చేసే లెన్స్ తిరగేస్తే కోణాన్ని చోటు చేస్తుంది. సూర్యుణ్ని తెర మీద ఒక్క చుక్కగా కూర్చోబెడితే తెర మాడుతుంది. అంగట్లో బండి సీటు మీద పెట్టి మరిచిపోయే వస్తువు కాదు.

ఇక తెర సంగతి. దానికి మళ్లీ చెరుకు దగ్గరికే, బోధన్‌లోని శక్కర్‌నగర్‌కు వద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి నీళ్లు పారాక, 1937లో అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదన్న పేరు మోసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో గేట్లు మూతపడ్డాయి. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబు అన్నాక బ్రిక్స్‌తో పాటు పోల్, అంటే రసంలో అసలు చక్కెర పాలు ఎంతో కూడా చూడాలి. పోల్ చూసే పరికరం పోలారిమీటర్. చక్కెర ద్రావణం ధ్రువణం చెందిన వెలుగును మెలి తిప్పుతుందని 1815లోనే ఫ్రాన్స్‌లో బియో కనిపెట్టాడు. 26 గ్రాముల చక్కెరను నూరు మిల్లీలీటర్ల ద్రావణం చేసి 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే ఆ మెలి 34.6 డిగ్రీలు. దాన్నే ఫ్యాక్టరీ స్కేలు మీద 100 అంటారు. నరికిన చెరుకు ఎండలో రోజుల తరబడి పడి ఉంటే చక్కెర రెండు చిన్న చక్కెరలుగా విడిపోయి, ఆ మిశ్రమం వెలుగును ఎడమకు తిప్పుతుంది. బ్రిక్స్ బాగానే ఉన్నా పోల్ పడిపోతుంది. బ్రిక్స్ ఒక్కటే చూసి రికవరీ, అంటే చెరుకు నుంచి చేతికొచ్చే చక్కెర ఇంతని చెప్పలేకపోవడం అందుకే.

గూగుల్ గ్లాస్‌లో, మొదటి హోలోలెన్స్‌లో, మెటా కళ్లద్దాల్లో ఉన్న ఎల్‌కాస్ రకం తెర కూడా వెలుగును మెలి తిప్పే ఈ సూత్రం మీదే నడుస్తుంది. అక్కడ చక్కెర బదులు ద్రవస్ఫటికం. ఒక్కో పిక్సెల్ వెలుగు మెలిని మారుస్తుంది లేదా వదిలేస్తుంది. తెర ముందుండే ధ్రువణ వడపోతలో మెలి మారినదే లెన్స్ వైపు దాటుతుంది, మారనిది వెనక్కి పోతుంది. చిన్నగా చేయడానికి కొన్ని డిజైన్లలో లెన్సుల్లో ఒకదాన్ని తెరకూ ఆ వడపోతకూ మధ్యే కూర్చోబెడతారు. ఆ లెన్స్ అచ్చు పోసిన పాలికార్బొనేట్ అయితే, చల్లారేటప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి తనూ వెలుగును కాస్త మెలి తిప్పుతుంది. నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు లీకవుతుంది. ఇలాంటి కళ్లద్దాల్లో నలుపంటే ఖాళీ, అక్కడ బయటి లోకం కనిపించాలి. చీకట్లో పెట్టుకుంటే మాత్రం కంటి ముందు పొగచూరిన దీర్ఘచతురస్రం వేలాడుతుంది. నెమ్మదిగా చల్లార్చిన గాజులో ఈ పీడ దాదాపు లేదు.

ఈ రెండు లోకాలనూ కలిపే మనిషి ఒకడున్నాడు. చక్కెర ల్యాబుల్లో బల్ల మీద ఉండే రిఫ్రాక్టోమీటర్‌కు జర్మనీలోని యెనాకు చెందిన ఎర్నెస్ట్ అబే పేరే పెట్టారు. దాని గురించి ఆయన 1874లో రాశాడు. గాజుకు వెలుగును వంచే గుణం ఎంత, రంగులుగా చీల్చే గుణం ఎంత అన్నవి రెండూ విడివిడిగా ఉండే గాజులు కావాలని అబే పట్టుబట్టాడు. రసాయనం తెలిసిన ఒటో షాట్ వాటిని కరిగించి తీశాడు. 1884లో యెనాలో వాళ్ల గాజు కార్ఖానా మొదలైంది. నేటికీ గాజు రంగులను ఎంత తక్కువ చీలుస్తుందో చెప్పే అంకెను అబే సంఖ్య అంటారు. మామూలు క్రౌన్ గాజుకు అది 64, పాలికార్బొనేట్‌కు 30. ప్లాస్టిక్‌లో ఎంచుకోవడానికి నాలుగైదు రకాలే. గాజు కేటలాగ్‌లో నూరుకు పైనే. తెల్ల అక్షరం అంచున ఎరుపు, నీలం పారాడకుండా చూడాలంటే ఆ ఎంపిక ఉండాల్సిందే. రంగు అంచులను, గీతల వంకరను సాఫ్ట్‌వేర్‌తో ముందే సరిచేసి పంపొచ్చు. మసకను మాత్రం సాఫ్ట్‌వేర్ తీసేయలేదు.

లెన్స్ నుంచి వచ్చిన వెలుగు కాడ నుంచి కంటి ముందుకు చేరడానికి చాలా కళ్లద్దాల్లో పలచటి గాజు పలకే దారి. వెలుగు దాని లోపల గోడకు గోడకు తగిలి సంపూర్ణాంతర పరావర్తనంతో పరుగెడుతుంది. బ్రిక్స్ మీటర్ ప్రిజంలో నీలం, తెలుపులను వేరుచేసే సూత్రం కూడా అదే. 1.5 గుణకమున్న గాజులో 41.8 డిగ్రీలు దాటిన కిరణమే లోపల నిలుస్తుంది. 1.9 గాజులో 31.8 దాటితే చాలు, అంటే ఎక్కువ కోణాలు పడతాయి, చూపు వెడల్పవుతుంది. ఖరీదైన బరువైన గాజు కోసం కంపెనీలు ఎగబడేది ఈ పది డిగ్రీలకే. ప్రిజం మీద రసపు చుక్క పడగానే హద్దు జరిగినట్టే, పలక మీద చెమట చుక్క పడితే 1.5 గాజులో హద్దు 41.8 నుంచి 62.7కు ఎగబాకుతుంది, మధ్యనున్న వెలుగంతా అక్కడే కారిపోతుంది. అందుకే పలకకు రెండు వైపులా సన్నటి గాలి సందు వదిలి పైన మరో అద్దం మూస్తారు.

పలకలోకి వెళ్లేముందు వెలుగు సమాంతరంగా ఉండి తీరాలి. పలక కిరణాల కట్టను చాలా చోట్ల పంచి బయటికి పంపుతుంది. కట్ట ఏమాత్రం విచ్చుకున్నా ఒక్కో చోటి నుంచి వచ్చిన బొమ్మ ఒక్కోలా పడి అక్షరం ముద్దవుతుంది. పైన చెప్పిన 65 మైక్రాన్లు ఇక్కడే నిజంగా దెబ్బతీస్తాయి, కుర్ర కన్ను సర్దుకుంటుందిలే అని వదిలేయడానికి లేదు.

అలాగని బొమ్మ ఎప్పుడూ అనంత దూరంలో ఉంటే ఎదురుగా ఉన్న మనిషి పక్కన రాసిన పేరు పొసగదు. హోలోలెన్స్‌లో దాన్ని రెండు మీటర్ల దగ్గర నిలిపారు. ఇలా దగ్గరికి తేవడానికి పలకకు కంటి వైపు మైనస్ 0.5 పవర్ లెన్స్ పెడతారు. అది బయటి లోకాన్నీ చెడగొడుతుంది కాబట్టి అవతలి వైపు ప్లస్ 0.5 పెట్టి ఆ చెడుపును కొట్టేస్తారు. సైటు మైనస్ 2 ఉన్నవాళ్లకు దాన్ని కంటి వైపు లెన్స్‌లోనే కలుపుతారు. అక్కడ మైనస్ 2.5 అవుతుంది, బయటి వైపుది మారదు.