కారు మార్చకండి, పంటు మార్చండి

కోనసీమలో పాత మండువా లోగిలి విప్పేటప్పుడు టేకు దూలాలు, ద్వారబంధాలు, స్తంభాలు జాగ్రత్తగా దించి పక్కన పెడతారు. గట్టివి కొత్తింట్లోకి ఎక్కుతాయి, చెదపట్టిన వాసాలు పొయ్యిలోకి పోతాయి. అంత లెక్క తెలిసిన మనమే, కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చాలు, డబ్బా మొత్తం మార్చేయడానికి సిద్ధపడతాం. కొట్టాయన కూడా "ఇదింక లాగదండీ, కొత్తది తీసేసుకోండి" అంటాడు. ఆయన గిట్టుబాటు ఆయనది.

రాజమండ్రిలో ఓ చిన్న డీటీపీ సెంటర్‌నే తీసుకుందాం. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు. పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి పదేళ్ల కిందటి కంప్యూటర్ ఎక్కువే. అయినా పొద్దున్నే స్విచ్ వేసి, ఎదురు కొట్లో టీ తాగొచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. తప్పెవరిది?

అది తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డిస్క్ దగ్గర వంద శాతం, సీపీయూ దగ్గర పదో పదిహేనో కనిపిస్తున్నాయంటే రోగం దొరికినట్టే. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది. పాత హార్డ్ డిస్క్ దానికి సరుకు అందించలేకపోతోంది.

కారు ఎంత కొత్తదైనా సఖినేటిపల్లి రేవులో, గోదారి దాటించే పంటు కోసం ఆగాల్సిందే. నరసాపురం నుంచి పంటు ఇటు వచ్చేదాకా ఇంజన్ ఆపుకుని గోదారి చూస్తూ కూర్చోవాలి. హార్డ్ డిస్క్ వ్యవహారమూ అంతే. డెస్క్‌టాప్‌లో వాడే రకమైతే లోపలి పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. చదివే ముల్లు ఒక్కో ముక్క ఉన్న వరసకి జరిగి, ఆ ముక్క తన కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. దీనికి పట్టేది సెకనులో సుమారు నూరోవంతు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, విండోస్ లేచేటప్పుడు చదివే చిన్నాచితకా ముక్కలు వేలల్లో ఉంటాయి. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్సెస్డీలో తిరిగేదేమీ లేదు, అన్నీ చిప్పులే. ఒక్కో ముక్క అందుకోవడం నూరు రెట్లు త్వరగా అయిపోతుంది. వంతెన పడ్డాక అదే కారు ఆగకుండా దూసుకుపోయినట్టు.

కొనేటప్పుడు రెండున్నర అంగుళాల సాటా ఎస్సెస్డీ అని అడగండి. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండే ఎం.2 రకానికి పాత బోర్డుల్లో సాధారణంగా చోటుండదు. మీ బోర్డులో సాటా వేగం కొత్తవాటిలో సగమేనని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, లాభమంతా కాచుకోవడం తగ్గడంలో ఉంది. డీటీపీకైనా, బిల్లులకైనా 256 జీబీ సరిపోతుంది. క్యాబినెట్‌లో దానికి తగ్గ చట్రం లేదా? రెండువైపులా అంటుకునే టేపుతో లోపలి గోడకి అతికించేయండి. బరువుండదు, అదురు ఉండదు. మెకానిక్‌లు నవ్వుతారేమో గానీ వాళ్లూ చేసేది అదే.

తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎప్పుడూ 90 శాతం పైన ఉంటే 4 జీబీని 8 చేయాలి. అయితే ర్యామ్‌లో రకాలున్నాయి: డెస్క్‌టాప్‌లో వాడే డీడీఆర్3కి 240 కాళ్లు, డీడీఆర్4కి 288, మధ్యలో గాటు కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి దిగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. ఉన్న పలక ఊడదీసి జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లడమే క్షేమం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు ఎగిశాయి కాబట్టి, ఎక్కడో మూలనున్న చెడిపోయిన కంప్యూటర్ నుంచి తీసిన ర్యామే ఇప్పుడు బంగారం.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, ర్యామ్ కాళ్లకి మకిలి పడుతుంది. స్విచ్ వేస్తే బీప్ బీప్ మని అరిచి తెర రాకపోతే బోర్డు పోయిందనుకోవద్దు. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, దాని కాళ్లని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఇంకో చిన్న తమాషా: బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు సైటు తెరిస్తే "సురక్షితం కాదు" అని అడ్డం పడుతుంది. వైరస్ అనుకుని వందలు తగలేసినవాళ్లున్నారు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

క్యాబినెట్, కీబోర్డు, మానిటర్ ఉంచుకోవచ్చు. యూపీఎస్‌లో కూడా సాధారణంగా పోయేది 12 వోల్టుల బ్యాటరీయే, అది ఒక్కటీ మార్చుకోండి. పొదుపు చేయకూడనిది ఒక్కటుంది, కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్. మన కరెంటు ఎగుడుదిగుళ్లలో పాత ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోవచ్చు. ఇది మాత్రం కొత్తదే, పేరున్నదే కొనండి.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లనే అధికారికంగా ఒప్పుకుంటుంది. మీది అంతకన్నా పాతదైతే, ఇంటర్నెట్, ఉత్తరాలు, లెక్కలకి లైనక్స్ మింట్ వేసుకోండి. ఉచితం, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంటుంది. పేజ్‌మేకర్, అను మీద బతికే యంత్రానికి మాత్రం విండోసే ఉంచి, నెట్ తీగ పీకేయడం మేలు. ఇవన్నీ చేశాక కూడా సీపీయూ గీతే వంద దగ్గర కొట్టుకుంటోందంటే, అప్పుడు కొట్టాయన మాట నిజమే. ఆ కంప్యూటర్ మీద ఇక రూపాయి కూడా పెట్టకండి.

పాత హార్డ్ డిస్క్‌ని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేయకండి. చప్పుడు చేయకుండా తిరుగుతుంటే, విడిగా అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ పెట్టెలో బిగించి నెలకోసారి ఫైళ్ల నకలు దాచుకోండి. పాడైపోయిందా, పారేసే ముందు దాని పళ్లేనికి రెండు మేకులు దిగ్గొట్టండి. ఖాతాదారులు జిరాక్సుకిచ్చిన ఆధార్ కార్డులన్నీ ఇంకా అందులోనే ఉన్నాయి.