గోడలోని చెమ్మ ఎటు పోతుంది?

విద్యార్థులారా! మైపాడు, కృష్ణపట్నం వంటి మన నెల్లూరు తీర గ్రామాల్లో పాత ఇటుక గోడలను ఎప్పుడైనా పరిశీలించారా? నేలకు కాస్త ఎత్తు వరకు తెల్లని పొడి పేరుకొని ఉంటుంది. వేలితో రాస్తే ఇటుక పొడిపొడిగా రాలుతుంది. “గోడకు ఉప్పు పట్టింది” అంటారు పెద్దలు. ఆ ఉప్పు అంత ఎత్తుకు ఎలా ఎక్కింది?

కుండలో నీళ్లు పోస్తే వెలుపల చెమ్మ తేలుతుంది కదా! ఇటుక కూడా కుండలాగే కాల్చిన మట్టి. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. దీపం వత్తిలో నూనె పైకి పాకినట్లే, ఉప్పునేలలోని నీరు ఆ రంధ్రాల వెంట పైకి పాకుతుంది. దీనినే కేశనాళికీయత అంటారు.

అలా ఎక్కిన నీరు గోడలో ఆవిరిగా మారుతుంది. బాష్పపీడనం ఎక్కువగా ఉన్న చోటు నుంచి తక్కువగా ఉన్న చోటుకు పోవడం ఆవిరి స్వభావం. తడిగోడలో పీడనం ఎక్కువ, బయటి గాలిలో తక్కువ. కనుక ఆవిరి రంధ్రాల గుండా వెలుపలికి వస్తుంది. ఇది విసరణ. కాని ఉప్పు ఆవిరి కాదు. నీరు ఎక్కడ ఆవిరైతే ఉప్పు అక్కడే మిగులుతుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో జరిగేదే గోడలోనూ జరుగుతున్నదన్నమాట!

గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు చెమ్మను పీల్చుకొని కరుగుతుంది. ఆర్ద్రత తగ్గితే మళ్లీ స్ఫటికాలు కడుతుంది. తీరప్రాంతంలో రాత్రిళ్లు తరచు ఈ హద్దు దాటుతుంది, ఎండ కాసే పొడి పగళ్లలో తగ్గుతుంది. ఇలా మాటిమాటికీ పెరిగే స్ఫటికాలు రంధ్రాలను లోపలి నుంచి నెట్టి ఇటుకను పగులగొడతాయి.

పూర్వం గుల్లలను కాల్చి చేసిన సున్నంతో గోడలకు పూత వేసేవారు. ఆ పూత గుండా ఆవిరి సులువుగా బయటపడుతుంది. ఉప్పు చాలావరకు పూతలోనే చేరుతుంది. పూత రాలినా ఇటుక నిలుస్తుంది, పూత మళ్లీ వేసుకోవచ్చు.

ఇప్పుడు చాలామంది రాలిన గోడకు గట్టి సిమెంటు పూసి, పైన ఎనామిల్ రంగు వేస్తున్నారు. కొన్నాళ్లు గోడ నున్నగా కనిపిస్తుంది. నేలలోని నీరు మాత్రం ఆగదు. ఆవిరికి దారి మూసుకుపోవడంతో చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. ఉప్పు పూత వెనకే చేరి ఇటుకను తినేస్తుంది. చివరకు పూత పెచ్చులుగా ఊడుతుంది. డబ్బూ పోయె, గోడా పోయె! అందుకే కొత్త ఇల్లు కట్టేటప్పుడు పునాదికీ గోడకూ మధ్య నీరు ఎక్కనివ్వని పొర వేయాలి. మేస్త్రీలు దీనిని డి.పి.సి. అంటారు.

ఒక పరీక్ష చేయండి. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు నిలిస్తే చెమ్మ గోడలోనిదే. మీవైపు నిలిస్తే అది గాలిలోని తేమ. ఇంట్లో పెద్దలు రంగు డబ్బా కొనకముందే ఈ ఫలితం వారికి చూపించండి!